ఈ-కామర్స్ ఎక్కడ ఆగుతుంది, ఈ-బిజినెస్ ఎక్కడ మొదలవుతుంది: ఒక చీర ఆర్డరు వెంట నడిచి తేల్చుకునే పద్ధతి

చేనేత చీరల దుకాణాలకు లెక్కలు రాయడం నా వృత్తి. ఆ దుకాణాల్లో ఈ మధ్య తరచూ వినపడే మాట, "మా వ్యాపారం మొత్తం ఆన్‌లైన్ అయిపోయిందండీ" అన్నది. ఆ మాట అంటున్న యజమాని చేతికింద పొడుగాటి నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. ముందురోజు రాత్రి వెబ్‌సైటులో పడిన ఆర్డర్లను పొద్దున్నే ఒక కుర్రవాడు ఫోను చూస్తూ ఆ పుస్తకంలోకి ఎక్కిస్తూ ఉంటాడు. అంటే అక్కడ ఆన్‌లైన్ అయింది అమ్మకం ఒక్కటే. బీరువాలోని సరుకు, నూలు కొనుగోలు, మగ్గానికి చేరవలసిన కబురు, పన్ను లెక్క అన్నీ పాత దారిలోనే నడుస్తున్నాయి. ఈ-కామర్స్‌కూ ఈ-బిజినెస్‌కూ ఉన్న తేడా అంతా ఆ నోటుపుస్తకంలోనే ఉంది. దాన్ని మీ దుకాణంలో మీరే ఎలా కొలుచుకోవచ్చో, కొలిచాక ఏ పని ముందు పెట్టుకోవాలో, ఏది అసలు పెట్టుకోనక్కరలేదో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు భూదాన్ పోచంపల్లి ఇక్కత్ చీరలు అమ్మే ఒక మధ్యస్థాయి దుకాణాన్ని ఊహించుకుందాం. చేనేతలో ఏ చీరకు ఆ చీరే విడి వస్తువు కాబట్టి, సబ్బుల పెట్టెల లెక్కలో బయటపడని లోపాలు ఇక్కడ మొదటి వారంలోనే బయటపడతాయి.

మాటల తికమక

తెలుగులో ఈ విషయం మరింత జటిలం కావడానికి మన మాటలే కొంత కారణం. పాఠ్యపుస్తకాల్లో ఒకదాన్ని ఎలక్ట్రానిక్ వాణిజ్యమనీ, రెండోదాన్ని ఎలక్ట్రానిక్ వ్యాపారమనీ రాస్తారు. మన వాడుకలో వాణిజ్యమన్నా వ్యాపారమన్నా ఇంచుమించు ఒకటే కనుక, పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి ఏది ఏదో మరిచిపోతాం. మొదటిదాన్ని క్రయవిక్రయమని, రెండోదాన్ని నిర్వహణ అని గుర్తుపెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. దుకాణాల్లో అందరూ ఈ-కామర్స్, ఈ-బిజినెస్ అనే అంటారు కాబట్టి నేనూ ఆ మాటలే వాడతాను.

ఈ-కామర్స్‌కు మన చట్టంలో నిర్వచనం ఉంది. డిజిటల్ ఉత్పత్తులతో సహా వస్తువులను గానీ సేవలను గానీ డిజిటల్ లేదా ఎలక్ట్రానిక్ నెట్‌వర్క్ మీదుగా సరఫరా చేయడమే ఎలక్ట్రానిక్ కామర్స్ అని 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం చెబుతుంది. గణాంకాల కోసం వివిధ దేశాలు అనుసరించే ఓఈసీడీ (ఆర్థిక సహకారం కోసం ఏర్పడ్డ దేశాల కూటమి) నిర్వచనం ఇంకాస్త నిక్కచ్చిగా ఉంటుంది: ఆర్డరు ఇవ్వడానికీ తీసుకోవడానికీ ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన పద్ధతిలో, కంప్యూటర్ నెట్‌వర్క్ మీద ఆర్డరు నమోదైతేనే అది ఈ-కామర్స్, డబ్బు ఎలా చెల్లించారు, సరుకు ఎలా చేరింది అన్నవి లెక్కలోకి రావు. ఫోనులో చెప్పిన ఆర్డరును, చేత్తో టైపు చేసి పంపిన ఈమెయిల్ ఆర్డరును ఆ నిర్వచనం పక్కన పెట్టేస్తుంది. ఆ లెక్కన చూస్తే, "అక్కా, ఆ రామా గ్రీన్ చీర నాకు పక్కన పెట్టండి" అని వాట్సాప్‌లో వచ్చే సందేశం ఈ-కామర్స్ అనిపించుకోవడం కష్టమే. ఆ సందేశం మీద వచ్చే డబ్బు మాత్రం నిక్షేపంగా వస్తుంది కనుక, నిర్వచనంలో ఇమడలేదని ఎవరూ బాధపడనక్కరలేదు.

ఈ-బిజినెస్ అన్న మాట పుట్టుక వేరు. దాన్ని ప్రపంచమంతా ప్రచారంలోకి తెచ్చింది 1997లో ఐబీఎం సంస్థ నడిపిన భారీ ప్రకటనల పరంపర. అమ్మకంతో పాటు ముడిసరుకు కొనడం, నిల్వ చూసుకోవడం, తయారీకి పని అప్పగించడం, జీతాలు, కూలీలు, ఖాతాలు, కొనుగోలుదారులతో సంబంధం, సిబ్బంది మధ్య సమాచారం, ఇవన్నీ నెట్‌వర్క్ మీద ఒకదానికొకటి తగిలించి నడపడం ఈ-బిజినెస్. అందువల్ల ఈ-కామర్స్ దానిలో ఒక భాగం, అదీ కొనేవాడికి కనపడే భాగం. అయితే భాగం ఉన్నంత మాత్రాన మొత్తం ఉన్నట్టు కాదు. మొత్తంలో చాలావరకు ఉండి, ఈ ఒక్క భాగం లేకుండానూ ఉండవచ్చు. ఈ రెండో సంగతి చాలామందికి కొత్తగా అనిపిస్తుంది గనుక రెండు పాత ఉదాహరణలు చూపుతాను.

మన రైల్వేలు టికెట్ల రిజర్వేషన్‌ను కంప్యూటర్ మీదికి తెచ్చింది 1980ల నడుమ, ఢిల్లీలో. తరవాత దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నింటినీ కలపగలిగే కొత్త సాఫ్ట్‌వేర్‌ను మొదట వాడుకలో పెట్టింది మన సికింద్రాబాదులో, 1994లో. అప్పటికి ఇంటర్నెట్‌లో టికెట్ కొనే మాటే లేదు. జనం వరసలో నిలబడి, కాగితం నింపి, కిటికీలో డబ్బు కట్టి కొనేవారు. కానీ కిటికీ వెనక సీట్ల జాబితా కంప్యూటర్లో ఉంది, సికింద్రాబాదులో ఒక బెర్తు ఇచ్చేస్తే అదే బెర్తు మరో కిటికీలో ఇంకొకరికి దొరకదు. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు, ఆ జాబితాకు ఇంకొక కిటికీ తెరిచినట్టయింది, అంతే. విచిత్రమేమిటంటే మొదట్లో ఆ టికెట్ కాగితం రూపంలో కొరియర్‌లో ఇంటికి వచ్చేది. మనమే ముద్రించుకునే ఈ-టికెట్ 2005లో గానీ రాలేదు. ఇక్కడ ఈ-బిజినెస్ ముందు, ఈ-కామర్స్ తరవాత.

రెండో ఉదాహరణ దీనికి తలకిందులు. 2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్‌ను పుస్తకాల దుకాణంగా ప్రారంభించినప్పుడు, వారికి వచ్చిన మొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి. ఆర్డరు వెబ్‌సైటులో చక్కగా నమోదైంది, కానీ ఆ పుస్తకం వారి చేతిలో లేదు. బెంగళూరు పుస్తకాల దుకాణాలు తిరిగి, వెతికి, కొని, మహబూబ్‌నగర్‌కు పంపారు. అది ఈ-కామర్సే, అందులో సందేహం లేదు; వెనక నడిచింది మాత్రం కాళ్ల బలం. ఇవాళ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న మన చిన్న దుకాణాల్లో ఎక్కువ భాగం ఆ స్థితిలోనే ఉన్నాయి. అది తప్పని నేననను, ఎందుకంటే ఆరంభంలో అందరూ అలాగే పరుగెత్తాలి. ఆ పరుగునే వ్యాపార పద్ధతి అనుకుని ఏళ్ల తరబడి కొనసాగించడం దగ్గరే చిక్కు వస్తుంది.

ఒక ఆర్డరు వెంట నడవండి

ఇప్పుడు మీ దుకాణం సంగతికి వద్దాం. నిన్న మొన్నటి ఆర్డరు ఒకటి ఎంచుకోండి, ఏ గొడవా లేకుండా సవ్యంగా పూర్తయినదైతే మంచిది. తెల్లకాగితం ఒకటి తీసుకుని, కొన్నవారు బటన్ నొక్కిన క్షణం నుంచి ఆ చీర తాలూకు చివరి రూపాయి ఖాతాల్లో జమ అయ్యేదాకా ఏమేం జరిగిందో వరసగా రాయండి. ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు, బీరువాలోంచి చీర ఎవరు తీశారు, బిల్లు ఎక్కడ చేశారు, కొరియర్ వాడికి చిరునామా ఎలా ఇచ్చారు, నిల్వ పుస్తకంలో ఎప్పుడు కొట్టేశారు, బ్యాంకులో డబ్బు పడినట్టు ఎవరు సరిచూశారు, నెలాఖరున లెక్కలాయనకు ఏం పంపారు. జ్ఞాపకం మీద రాయకండి. ఆయా మనుషుల దగ్గరికి వెళ్లి అడిగి రాయండి. యజమాని ఊహించే దారికీ, పని నిజంగా నడిచే దారికీ మధ్య కనీసం రెండు మూడు చోట్ల తేడా రావడం నేను ప్రతి దుకాణంలోనూ చూశాను.

రాసిన తరవాత, ఒకచోట అప్పటికే ఉన్న వివరాన్ని ఇంకొకచోట చేత్తో మళ్లీ ఎక్కించిన ప్రతి సందర్భం కింద గీత గీయండి. వెబ్‌సైటులో ఉన్న పేరూ చిరునామా నోటుపుస్తకంలోకి ఒకసారి, బిల్లులోకి ఇంకోసారి, కొరియర్ చీటీ మీదికి మరోసారి, నిల్వ పుస్తకంలోకి చీర వివరం, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలోకి మొత్తం. ఈ గీతల లెక్కే మీ కొలబద్ద. కొనేవారికీ మీకూ మధ్య నెట్‌వర్క్ మీద జరిగింది ఈ-కామర్స్. ఆ వివరం గీతలు లేకుండా లోపల ఎంత దూరం ప్రయాణించిందో అంతమేరకు మీది ఈ-బిజినెస్. మొదటి గీత ఎక్కడ పడిందో అక్కడ మీ ఈ-కామర్స్ ఆగింది, వెనక పాత వ్యాపారం మొదలైంది. ఏడెనిమిది గీతలు వస్తే కంగారు పడకండి. నేను చూసినవాటిలో మొదటిసారి ఐదుకు తక్కువ వచ్చిన దుకాణం లేదు.

కాగితం మీద ఇంకొకటి కూడా గమనించండి. కబురు ముందుకు ప్రయాణించినట్టే వెనక్కీ ప్రయాణించాలి. ఆ చీర ఏ రంగు, ఏ డిజైను, ఎన్ని రోజులు బీరువాలో ఉండి అమ్ముడైంది అన్న సంగతి మగ్గం దగ్గరికి చేరిందా? చాలా కాగితాల మీద ఈ బాణం అసలు ఉండదు. దీని గురించి కొంచెం ఆగి చెబుతాను.

మొదటి పని: చీరకొక నంబరు

గీతలన్నింటిలోనూ ముందు చెరపవలసింది నిల్వకు సంబంధించినది. దానికి కారణం నా కళ్లముందు జరిగింది. దసరా ముందు ఒక శనివారం సాయంత్రం, నేను లెక్కలు చూసే దుకాణంలో ఆనంద బ్లూ రంగు మీద రాణీ పింక్ అంచు ఉన్న పట్టు చీర ఒకటి కౌంటర్‌లో అమ్ముడుపోయింది. తీసుకున్నావిడ పెళ్లికి కట్టుకోవాలని అప్పుడే పట్టుకెళ్లారు. అదే చీర ఫోటో వెబ్‌సైటులో అలాగే ఉంది. రాత్రి పదకొండింటికి డల్లాస్‌లో ఉన్న ఒక తెలుగావిడ దాన్ని కొని డబ్బు కట్టేశారు. మగ్గం మీద అలాంటి ఇంకో చీర రావాలంటే, రంగుల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. సోమవారం ఉదయం యజమాని ఫోనులో క్షమాపణ చెప్పి డబ్బు వాపసు చేశారు. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే వారి రుసుము మాత్రం తిరిగి రాలేదు, ఆవిడా తిరిగి రాలేదు. ఆ దుకాణానికి ఉన్నది ఒక బీరువా, రెండు జాబితాలు. రైల్వేకు ఉన్నది అనేక కిటికీలు, ఒక జాబితా.

కాబట్టి ప్రతి చీరకూ దుకాణంలోకి వచ్చిన రోజే ఒక నంబరు ఇవ్వండి. నంబరులో రంగు, ధర, నేసినవారి సంకేతం అన్నీ ఇరికించాలని కొందరు ముచ్చటపడతారు. అది అనవసరం, వరస సంఖ్య చాలు. మిగతా వివరాలు ఆ నంబరు ఎదురుగా జాబితాలో ఉంటాయి: ఏ మగ్గం, పట్టా నూలా, ఒంటి రంగు, అంచు రంగు, కొన్న ధర, అమ్మే ధర, వచ్చిన తేదీ, ఫోటో. చిన్న బార్‌కోడ్ చీటీ దారంతో చెంగుకు కట్టండి. జిగురు చీటీ పట్టు మీద మరక చేస్తుంది. కౌంటర్‌లో బిల్లు చేసినా, వెబ్‌సైటులో ఆర్డరు పడినా, ఎగ్జిబిషన్‌కు మూట కట్టి పంపినా ఆ ఒక్క జాబితాలోనే నంబరు కదలాలి. వెబ్‌సైటుకూ కౌంటర్ బిల్లింగ్‌కూ ఒకే నిల్వ చూపించే సాఫ్ట్‌వేర్ నెలవారీ చందాకు దొరుకుతుంది. అంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే అందరూ ఒకేసారి తెరిచి చూడగలిగే గూగుల్ షీట్‌తో మొదలుపెట్టవచ్చు, కానీ అప్పుడు కౌంటర్‌లో బిల్లు చేసే వ్యక్తే వెంటనే షీటులోనూ, వెబ్‌సైటులోనూ ఆ నంబరు మూసివేయాలన్న నియమం కచ్చితంగా పాటించాలి. "సాయంత్రం అన్నీ కలిపి చేస్తాం" అన్న రోజున పైన చెప్పిన శనివారం మళ్లీ వస్తుంది.

డబ్బు దారి

రెండో పని డబ్బుది. సొంత వెబ్‌సైటు కాకుండా ఫ్లిప్‌కార్ట్ లాంటి పెద్ద వేదికల మీద అమ్మేవారు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు, ఎందుకంటే బ్యాంకులో పడే మొత్తాన్నే అమ్మకం అనుకుంటారు. ఒక లెక్క వేసి చూద్దాం. చీర ధర పన్నుతో కలిపి 6,000 రూపాయలు. చేనేత చీర మీద జీఎస్టీ 5 శాతం కనుక పన్ను లేని విలువ 5,714.29, పన్ను 285.71. వేదిక కమీషను 10 శాతం అనుకుందాం. 600 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 108. రవాణా రుసుము 120 అనుకుంటే దాని జీఎస్టీ 21.60. వేదిక నడిపేవారు జీఎస్టీ చట్టం కింద వసూలు చేసే టీసీఎస్ 2024 జులై నుంచి అర శాతం, అంటే 28.57. ఆదాయపు పన్ను కింద కోసే టీడీఎస్ 2024 అక్టోబరు నుంచి 0.1 శాతం, అంటే 5.71. ఇవన్నీ పోగా మీ బ్యాంకులో పడేది 5,116.12.

ఇప్పుడు మీ దుకాణంలో 5,116.12 అమ్మకంగా రాసుకున్నారనుకోండి. అమ్మకం 883.88 తక్కువ చూపించినట్టు అయింది. వేదిక వారు తమ రిటర్నులో మీ పేరు మీద చూపే అమ్మకానికీ, మీరు అమ్మకాలు చూపే జీఎస్టీఆర్-1 రిటర్నుకూ పొంతన కుదరక నోటీసు వస్తుంది. అది చాలదన్నట్టు, కమీషను, రవాణాల మీద కట్టిన జీఎస్టీ 129.60 మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా రావలసినది, టీసీఎస్ 28.57 జీఎస్టీ పోర్టల్‌లో అంగీకరిస్తే అక్కడి మీ నగదు ఖాతాలోకి (క్యాష్ లెడ్జర్) వస్తుంది, టీడీఎస్ 5.71 మీ ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది. మూడూ కలిపి చీరకు 163.88. నెలకు వంద చీరలు అమ్మేవారు ఈ ఒక్క అజాగ్రత్త వల్ల నెలకు 16 వేల పైచిలుకు వదులుకుంటున్నారు. అమ్మడం వరకు ఈ-కామర్స్ చేతనైంది. ఆ అమ్మకం ఖాతాల్లోకి సరైన రూపంలో దిగడం ఈ-బిజినెస్ పని, అది జరగలేదు.

చేయవలసిందల్లా, వేదిక వారు ప్రతి చెల్లింపుతో పాటు ఇచ్చే సెటిల్‌మెంట్ నివేదికను డౌన్‌లోడ్ చేసి, ఆర్డరు నంబరు ఆధారంగా మీ అమ్మకాల జాబితాతో జత కలపడం. చిన్న స్థాయిలో ఎక్సెల్ సరిపోతుంది. ట్యాలీలోకి నేరుగా ఎక్కించుకునే పద్ధతి మీ లెక్కలాయన చూపిస్తారు. వారానికొకసారి చేస్తే అరగంట పని, ఏడాది చివర చేస్తే అరనెల పని. సొంత వెబ్‌సైటులో యూపీఐ ద్వారానో కార్డు ద్వారానో వచ్చే డబ్బుకూ ఇదే పద్ధతి. గేట్‌వే వారు రెండు మూడు రోజుల ఆర్డర్లను కలిపి, రుసుము మినహాయించి, ఒకే మొత్తంగా వేస్తారు కనుక ఏ ఆర్డరు డబ్బు ఏదో బ్యాంకు పాస్‌బుక్ ఒక్కటీ చూస్తే తేలదు.

మగ్గం దాకా చేరే కబురు

మూడో పని అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తక్కువ మంది చేసేది. ఇక్కత్‌లో రంగు చీర నేసేటప్పుడు వేసేది కాదు. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) నూలును డిజైను ప్రకారం, రంగు అంటకూడని చోట కట్టుకట్టి, అద్దకం చేసి, ఆరబెట్టి, ఆ తరవాతే మగ్గం మీదికి ఎక్కిస్తారు. ఒకసారి పడుగు ఎక్కిందంటే దాని మీద ఒకదాని వెంట ఒకటి అనేక చీరలు అదే వరసలో దిగుతాయి. అందుచేత కొనేవారి అభిరుచి మారిన సంగతి కట్టు కట్టకముందే, నేతవారి చేత పని చేయించే మాస్టర్ వీవర్‌కు తెలియాలి. వారం ఆలస్యమైతే ఆ పడుగు మొత్తం ఎవరికీ అక్కరలేని రంగులో తయారవుతుంది. మెరూన్ అడిగేవారు తగ్గి చిలకాకుపచ్చ అడిగేవారు పెరిగారన్నది వెబ్‌సైటు గ్రహించే విషయం. ఏ ఫోటో దగ్గర జనం ఆగుతున్నారు, ఏది బుట్టలో వేసి తీసేస్తున్నారు, ఏ రంగు కోసం వెతికి దొరక్క వెళ్లిపోతున్నారు, ఇవన్నీ దానికి తెలుసు. ఆ తెలివి వెబ్‌సైటులోనే ఉండిపోతే అది అమ్మకపు ముచ్చట. పదిహేను రోజులకోసారి మాస్టర్ వీవర్ చేతికి ఒక చిన్న జాబితాగా చేరి, తరవాతి పడుగు రంగులు దాని మీద నిర్ణయమైతే, అది ఈ-బిజినెస్.

దీనికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. చీరల నంబర్ల జాబితాలో రంగు గడి, అమ్ముడైన తేదీ గడి ఉన్నాయి కదా. వాటితో ఏ రంగు సగటున ఎన్ని రోజులు బీరువాలో ఉంటోందో తేలుతుంది. మూడు వారాల్లో కదిలే రంగులు ఐదు, మూడు నెలలైనా కదలనివి ఐదు రాసి, ఫోటోలతో వాట్సాప్‌లో పంపండి. పట్టు నూలు కొనుగోలు కూడా దానికే తగిలించండి. రాబోయే పడుగులకు ఎంత నూలు కావాలో తెలిస్తే బెంగళూరు వ్యాపారికి ముందే చెప్పి బేరమాడవచ్చు, లేకపోతే అవసరం మీద పడి అడిగిన ధర ఇచ్చి తెచ్చుకోవాలి. నేత కూలి బ్యాంకు ఖాతాకు పంపడం, ఏ నంబరు చీరకు ఎంత కూలి ఇచ్చామో అదే జాబితాలో ఉండడం తరవాతి మెట్టు. అప్పుడు ఒక్కో చీర మీద మిగిలిన లాభం అంచనాగా కాక లెక్కగా తెలుస్తుంది.

సరుకు కొనే వైపు నుంచి మొదలైన ఈ-బిజినెస్‌కు మన దేశంలో పేరుపడ్డ ఉదాహరణ 2000లో ఐటీసీ ప్రారంభించిన ఈ-చౌపాల్. అక్కడ వినియోగదారుడికి ఆన్‌లైన్‌లో ఏదో అమ్మడం ముఖ్యం కాదు. పల్లెలో పెట్టిన కంప్యూటర్ ద్వారా రైతుకు సోయా ధర తెలియజేసి, కంపెనీ నేరుగా పంట కొనడం ముఖ్యం.

అమ్మకం లేకుండానే ఈ-బిజినెస్ చేస్తున్నవారు

వెబ్‌సైటు లేనివారు ఈ మాటలన్నీ తమకు కావనుకోవచ్చు. కానీ చెన్నై షోరూములకు టోకున చీరలు పంపే వ్యాపారి ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటితే, 2023 ఆగస్టు నుంచి జీఎస్టీ నమోదు ఉన్న మరో వ్యాపారికి ఇచ్చే ప్రతి బిల్లునూ ప్రభుత్వ పోర్టల్‌లో ఈ-ఇన్‌వాయిస్‌గా నమోదు చేయాలి. పోర్టల్ 64 అక్షరాల సంఖ్యనూ, క్యూఆర్ కోడ్‌నూ ఇస్తుంది. సరుకు విలువ 50 వేలు దాటి రాష్ట్రం దాటితే రవాణా పత్రమైన ఈ-వే బిల్లు కావాలి, ఆ వివరాల్లో చాలావరకు ఈ-ఇన్‌వాయిస్ నుంచే తీసుకోవచ్చు. ఆర్డరు ఫోనులో వచ్చింది, బేరం ముఖాముఖి జరిగింది, కనుక అది ఈ-కామర్స్ కాదు. బిల్లు మాత్రం ప్రభుత్వ పోర్టల్‌కూ, కొన్నవారి ఖాతాకూ, రవాణా పత్రానికీ ఒకే ఎక్కింపుతో చేరుతోంది. ప్రభుత్వం పట్టుబట్టి చేయించిన ఈ-బిజినెస్ ఇది. ఇక్కడ మీరు చూసుకోవలసింది ఒకటే: మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా నమోదు అవుతోందా, లేక బిల్లు చేశాక ఎవరో కూర్చుని పోర్టల్‌లో మళ్లీ టైపు చేస్తున్నారా? రెండోదైతే కాగితం మీద ఇంకో గీత గీయండి.

ఇతరుల వేదిక మీద అమ్మేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి. అక్కడ ఈ-కామర్స్ మీది, దాని వెనక నడిచే ఈ-బిజినెస్‌లో పెద్ద భాగం వారిది. ఎవరు కొన్నారు, ఇంతకుముందు ఏం చూశారు, మళ్లీ ఎప్పుడు వస్తారు అన్నవి వారి దగ్గరే ఉంటాయి. మీకు వచ్చేది పంపవలసిన చిరునామా. ఆర్డర్లు బాగా వస్తున్నంతకాలం ఈ లోటు తెలియదు. అందుకే కొంత అమ్మకమైనా సొంత వెబ్‌సైటు మీద ఉంచుకోమని నేను చెబుతాను, అక్కడ లాభం తక్కువగా ఉన్నా సరే.

నెలకు పది పదిహేను చీరలు ఇంటి నుంచి అమ్మే గృహిణికి ఇదంతా అక్కరలేదు. ఆమెకు నంబర్ల జాబితా, డబ్బు లెక్క చాలు. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఏం చెప్పినా ఈఆర్‌పీ, అంటే వ్యాపారంలోని పనులన్నీ కలిపి నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్, కొనవద్దు. నెలకు వంద ఆర్డర్లు దాటినప్పుడు గానీ, ఇద్దరికన్నా ఎక్కువమంది ఒకే నిల్వను తాకుతున్నప్పుడు గానీ పైన చెప్పిన పనులు ఖర్చుకు తగిన ఫలితం ఇస్తాయి.

వాపసు వచ్చిన చీర

అన్నీ సర్దుకున్నాయని అనిపించాక, మూడు నెలల తరవాత మళ్లీ ఒక ఆర్డరు వెంట నడవండి. ఈసారి సవ్యంగా పూర్తయినది కాక, వాపసు వచ్చిన చీరను ఎంచుకోండి. లోపమున్నదీ, చూపించిన వివరానికి సరిపోనిదీ వెనక్కి తీసుకోక తప్పదని 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నియమాలు చెబుతాయి; సొంత వెబ్‌సైటు నడిపేవారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. చీర తిరిగి వచ్చిన రోజున ఏమేం జరగాలో చూడండి: మూట విప్పి మడతలు, చెంగు, అంచు పరిశీలించడం, బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ క్రెడిట్ నోట్ రాయడం, డబ్బు వాపసు, జీఎస్టీ లెక్కలో తగ్గింపు, అదే నంబరు మళ్లీ జాబితాలో తెరవడం. "రంగు ఫోటోలో వేరు, చేతికి వచ్చాక వేరు" అన్నది కారణమైతే, ఆ మాట ఫోటో తీసే కుర్రవాడికి చేరి, ట్యూబ్‌లైటు కింద తీసిన ఆ ఫోటో తీసేసి పొద్దుటి వెలుగులో కొత్తది పెట్టారా లేదా అన్నది కూడా కాగితం మీద రాయండి. ఫోటో మార్చకుండా నంబరు తెరిచేసి ఉంటే, ఆ గడి పక్కన గీత గీసి, చీరను మళ్లీ ఫోటోకు పంపండి.